శుభలేఖ సరిపోయే చోటు, గెజెట్ అడిగే చోటు: పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్పు

పాన్ కార్డులో ఇంటిపేరు మార్చుకోదలచిన వివాహిత ఏ కాగితం జతచేయవచ్చో దరఖాస్తు సూచనల్లో ఏళ్లుగా ఒక జాబితా ఉంది. వివాహ ధ్రువపత్రం, గెజెట్ (ప్రభుత్వ అధికారిక పత్రిక) ప్రకటన, భర్త పేరున్న పాస్‌పోర్టు నకలు, వీటి సరసనే పెళ్లి శుభలేఖ. నాలుగు మూలలా పసుపు పెట్టి చుట్టాలకు పంచిన కార్డే ఆదాయపు పన్ను శాఖకు రుజువు. దాన్నే ఆధార్ కేంద్రంలో ఇస్తే తీసుకోరు. ఇక పదో తరగతి సర్టిఫికెట్‌లో మార్చమని బోర్డును అడిగితే, శుభలేఖ మాట అటుంచి, రిజిస్ట్రారు సంతకమున్న వివాహ ధ్రువపత్రం చూపినా సాధారణంగా మార్చరు.

మనిషి ఒకరే, జరిగిన పెళ్లి ఒకటే. అయినా ఒక్కో కార్యాలయం ఒక్కో మాట చెబుతుంది. కొత్తగా కాపురానికి వెళ్లిన అమ్మాయి ఈ మూడు మాటల మధ్య తిరుగుతూ, తప్పు తనదేమో అనుకుంటుంది. తప్పు ఆమెది కాదు. పేరు అనేది ప్రభుత్వం దగ్గర ఏదో ఒక చోట భద్రంగా రాసి ఉంటుందని, అక్కడ మారిస్తే అన్నిచోట్లా మారుతుందని మనం అనుకుంటాం. అలాంటి ఏకైక పుస్తకం మన దేశంలో లేదు. బడి రిజిస్టరు వేరు, ఆధార్ వేరు, పాన్ వేరు, పాస్‌పోర్టు వేరు, ఓటర్ల జాబితా వేరు, భూమి రికార్డు వేరు. ఎవరి నిబంధనలు వారివి. పెళ్లి తర్వాత పేరు మార్చుకోవడమంటే వీటన్నింటినీ ఒక్కొక్కటిగా ఒప్పించుకుంటూ పోవడమే.

చట్టంలో లేని మాట

పెళ్లయిన స్త్రీ భర్త ఇంటిపేరు పెట్టుకోవాలని చెప్పే చట్టం భారతదేశంలో లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఐదో సెక్షన్‌లో పెళ్లికి ఉండవలసిన షరతులు చెబుతుంది. ఏడో సెక్షన్‌లో సప్తపది గురించి చెబుతుంది, ఎనిమిదో సెక్షన్‌లో నమోదు గురించి చెబుతుంది. వధువు పేరు ఏమవుతుందో ఎక్కడా చెప్పదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కూడా ఇదే తీరు. 1872 నుంచి ఉన్న క్రైస్తవ వివాహ చట్టంలోనూ ఆ మాట లేదు.

మరి మార్చుకోవాలన్న భావన ఎక్కడి నుంచి వచ్చింది? ఆచారం నుంచి. కన్యాదానంతో అమ్మాయి గోత్రం మారుతుందని, ఆ రోజు నుంచి పూజలో ఆమె పేరు భర్త గోత్రంతో చెప్పాలని పురోహితులు అంటారు. గోత్రం వెంట ఇంటిపేరు కూడా వెళుతుందని పెద్దలు అనుకున్నారు. అది వారి నమ్మకం, దాన్ని గౌరవించవచ్చు, పాటించవచ్చు. అయితే పీటల మీద జరిగిన మార్పు రిజిస్టర్లలో దానంతట అదే జరగదు. ఇల్లరికం వచ్చిన అల్లుడిని ఇంటిపేరు మార్చుకోమని మన ఊళ్లలో సాధారణంగా ఎవరూ అడగరు. ఆయన అత్తవారింట్లో ఉంటూనే తన ఇంటిపేరుతో బతుకుతాడు. కాపురం ఏ ఇంట్లో అన్నదాన్నిబట్టి పేరు మారవలసిన పని లేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

జపాన్‌లో పరిస్థితి వేరు. అక్కడి పౌర స్మృతి 750వ అధికరణ ప్రకారం దంపతులిద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండి తీరాలి, అక్కడి సుప్రీంకోర్టు 2015లోను 2021లోను ఆ నిబంధనను సమర్థించింది. అక్కడి స్త్రీలు చట్టంతోనే పోరాడుతున్నారు. ఇక్కడ చట్టం ఏ ఒత్తిడీ పెట్టలేదు. అయినా బ్యాంకు కౌంటరు దగ్గర ఎవరో “పెళ్లయింది కదమ్మా, పేరు మార్చాలి” అంటే అది చట్టమే అనుకుని ఎందరో ఆ పనికి పూనుకుంటారు.

మూడు పనులు, ఒకే పేరుతో

నా చుట్టూ చూసిన చిక్కుల్లో సగం ఒక గందరగోళం నుంచి పుట్టాయి. భర్త పేరు నమోదు చేయించడం, చిరునామా మార్చడం, ఇంటిపేరు మార్చడం మూడూ వేర్వేరు పనులు. వీటిని కలిపేసి “పేరు మార్పు” అంటున్నాం.

పాస్‌పోర్టునే తీసుకోండి. చివరి పుటలో తండ్రి పేరు, తల్లి పేరు, జీవిత భాగస్వామి పేరు ఉంటాయి. పెళ్లయ్యాక ఆ మూడో గడి నింపించుకోవచ్చు. అందుకోసం మొదటి పుటలోని ఇంటిపేరును ముట్టుకోనక్కర లేదు. ఉద్యోగరీత్యా విదేశంలో ఉన్న భర్త దగ్గరికి వెళ్లడానికి వీసా అధికారులకు కావలసింది వారిద్దరూ దంపతులన్న రుజువు. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే కావాలని వారు అడగరు. 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ నిబంధనలు సడలించినప్పుడు, పాస్‌పోర్టు దరఖాస్తుతో వివాహ ధ్రువపత్రం తప్పనిసరిగా ఇవ్వాలన్న షరతును తీసేసింది. విడాకులు తీసుకున్నవారిని మాజీ భర్త పేరు రాయమని పట్టుబట్టకూడదని కూడా అప్పుడే చెప్పింది. ఇంటిపేరు మార్చుకుంటే మాత్రం దానికి రుజువు కావాలి, కొత్త పుస్తకం కావాలి. పాత పుస్తకంలో పేరు కొట్టివేసి రాయడం ఉండదు. మొత్తం పాస్‌పోర్టును తిరిగి జారీ చేస్తారు, నంబరు కూడా మారుతుంది.

పాన్ కార్డులో అయితే భర్త పేరుకు చోటే లేదు. పెళ్లయినా కాకపోయినా అక్కడ ఉండేది తండ్రి పేరు. తల్లి ఒక్కరే పెంచిన వారు తల్లి పేరు ఇవ్వవచ్చని 2018 డిసెంబరు నుంచి వెసులుబాటు వచ్చింది. కాబట్టి పెళ్లయిందన్న ఒక్క కారణంతో పాన్ మార్చవలసిన అవసరమే లేదు. అత్తవారి ఊరికి మారినప్పుడు ఆధార్‌లో చిరునామా మార్చుకోవాలి, ఓటరు కార్డుకు ఎనిమిదో నంబరు ఫారం పెట్టుకోవాలి. రేషన్ కార్డు, గ్యాస్, ఓటు కోసం కావలసినవి ఇవే. ఇంటిపేరు జోలికి వెళ్లకుండానే ఇవన్నీ జరుగుతాయి.

తెలుగు పేరుకు ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది

ఉత్తరాదివారికి పేరు ముందు, ఇంటిపేరు వెనక. మనకు ఇంటిపేరు ముందు. ఈ చిన్న తేడా మన ఆడపిల్లలను ఎంత ఇబ్బంది పెడుతుందో దరఖాస్తు నింపేదాకా తెలియదు.

కొండూరు సుజాత అనే అమ్మాయి ఉందనుకుందాం. పదో తరగతి సర్టిఫికెట్‌లో పూర్తి పేరు, ఇంటిపేరు ముందు. బ్యాంకు పాసుపుస్తకంలో పొడి అక్షరం, చుక్క, సుజాత. పాన్‌లో పొడి అక్షరాలు ఒప్పుకోరు, చివరి పేరు మొదటి పేరు విడివిడిగా అడుగుతారు. కాబట్టి కార్డు మీద సుజాత కొండూరు అయింది. ఆధార్‌లో ఒకే గీత మీద, కేంద్రంలో కూర్చున్న కుర్రవాడు ఎలా కొడితే అలా. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి వదిలేసి, “కొండూరు సుజాత” అని మొత్తం రెండో గడిలో రాసేశారు. అంటే పెళ్లికి ముందే ఆమెకు నాలుగు పేర్లున్నాయి. ఇప్పుడు వేమూరి వారి ఇంటికి వెళ్లాక ఒక్కోచోట ఒక్కో విధంగా మార్చడం మొదలుపెడితే ఎనిమిదవుతాయి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మనవాళ్లలో చాలా మామూలు. అమెరికా వీసాల్లో ఇలాంటివారికి మొదటి పేరు తెలియదు అనే అర్థమిచ్చే మూడు అక్షరాలు పేరు ముందు ముద్రిస్తారు. అక్కడ జీవితాంతం బ్యాంకులో, బడిలో, డ్రైవింగ్ లైసెన్సులో ఆ మూడు అక్షరాలే పేరుగా వెంటపడతాయి. 2022 నవంబరు 21 నుంచి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ పర్యాటక వీసాలపై ఒకే పేరున్న పాస్‌పోర్టుతో వచ్చేవారిని అనుమతించబోమని చెప్పింది. కాబట్టి పెళ్లి తర్వాత ఏదో ఒక కారణంతో పాస్‌పోర్టు తిరిగి జారీ చేయించుకుంటున్నప్పుడు, ఇంటిపేరు పుట్టింటిదే ఉంచుకున్నా సరే, రెండు గడులూ సరిగా నింపించుకోవడం చాలా మేలు. భర్త ఇంటిపేరు పెట్టుకోవడం కన్నా ఇది ఎంతో ముఖ్యమని నా గట్టి అభిప్రాయం.

ఇంకో చిక్కు రోమన్ లిపిలో వర్ణక్రమం. ఒకే ఇంట్లో అన్నదమ్ములు ఇంటిపేరును రెండు రకాలుగా రాయడం మనకు తెలిసిందే. ఒకరు దీర్ఘానికి అక్షరం రెట్టిస్తారు, ఇంకొకరు ఒకటే వేస్తారు. ఒకరు ఒత్తు పెడతారు, ఒకరు వదిలేస్తారు. భర్త ఇంటిపేరు తీసుకోదలచిన అమ్మాయి ముందుగా భర్త పాస్‌పోర్టు, ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. అవి ఒకదానితో ఒకటి కలవకపోతే, ముందు ఆయన తన పేరు సరిచేసుకోవాలి. లేకపోతే ఆయన తప్పును కూడా ఈమె కాగితాల్లోకి మోసుకువెళ్లినట్లవుతుంది.

వంతెన వంటి కాగితం

మార్చుకోవాలనే నిర్ణయించుకుంటే అన్నింటికన్నా ముందు కావలసింది మ్యారేజీ సర్టిఫికెట్ అని అందరూ పిలిచే వివాహ ధ్రువపత్రం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వివాహాల తప్పనిసరి నమోదు చట్టం 2002లో వచ్చింది, అది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. దేశమంతటా నమోదు తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 2006 ఫిబ్రవరి 14న ఆదేశించింది. నమోదు కాకపోయినంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదు. అయితే పేరు మార్పు దగ్గరికి వచ్చేసరికి ఆ పత్రం లేకపోతే చాలాచోట్ల అడుగు ముందుకు పడదు.

ఇక్కడే చాలామంది ఒక పెద్ద పొరపాటు చేస్తారు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు నింపేటప్పుడు, ఎలాగూ మారేదే కదా అని వధువు పేరు దగ్గర కొత్త ఇంటిపేరు రాసేస్తారు. వివాహ ధ్రువపత్రం విలువంతా అది పాత పేరుకు కొత్త ఇంటికి మధ్య వంతెన కావడంలోనే ఉంది. అందులో వధువు పుట్టింటి పేరు పూర్తిగా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్లే, తండ్రి పేరుతో సహా ఉండాలి. అప్పుడే “కొండూరు సుజాత అనే ఈమె వేమూరి వారబ్బాయిని పెళ్లాడింది” అని ఆ పత్రం సాక్ష్యం చెప్పగలదు. పుట్టింటి పేరే లేని ధ్రువపత్రంతో వెళితే ఆధార్ కేంద్రంలోనూ పాస్‌పోర్టు కేంద్రంలోనూ ఒకటే ప్రశ్న: ఈ పత్రంలో ఉన్నది మీరే అని రుజువేమిటి?

వధూవరుల సంతకాలు, సాక్షులు, లగ్నపత్రిక, ఫొటో, వయసు రుజువు అన్నీ సిద్ధం చేసుకునే హడావుడిలో అక్షరాలు చూసుకునే తీరిక ఉండదు. అయినా సంతకం పెట్టే ముందు ఒక్కసారి అక్షరం అక్షరం చదువుకోండి. తర్వాత దాన్ని సరిచేయించడం మళ్లీ నమోదు చేయించడమంత పని.

ఆ తర్వాత ఆధార్. వివాహ ధ్రువపత్రంతో ఇంటిపేరు మార్చుకోవచ్చు. అయితే ఆధార్‌లో పేరు జీవితం మొత్తంలో రెండుసార్లే మార్చుకోవడానికి వీలుంది. చిన్నప్పుడెప్పుడో అక్షరదోషం సరిచేయించుకున్నా అదీ లెక్కలోకి వస్తుంది. అంటే పెళ్లప్పుడు మార్చుకుంటే చేతిలో మిగిలేది ఏమీ ఉండకపోవచ్చు. ఈ సంగతి తెలియకుండా మార్చుకున్నవారిని చూశాను, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

ఆధార్ అయ్యాక పాన్. ఈ రెండింటిలో పేరు కలవాలి. ఆధార్‌తో జతపడని పాన్‌లు 2023 జులై 1 నుంచి పనిచేయకుండా పోయాయి. పేరు పొసగకపోతే ఆ జత కుదరదు. పాన్ తర్వాత బ్యాంకు, ఎందుకంటే పన్ను రిఫండు రావలసిన ఖాతాలోని పేరు పాన్‌లోని పేరుతో పోలకపోతే ధ్రువీకరణ ఆగిపోతుంది. ఉద్యోగినులకు భవిష్య నిధి ఖాతా ఉంటుంది. అందులోని పేరు ఆధార్‌తో కలవకపోతే డబ్బు తీసుకునే రోజున దరఖాస్తు తిరిగి వస్తుంది. డ్రైవింగ్ లైసెన్సు, బీమా, ఓటరు కార్డు తీరిక చూసుకుని చేసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు కాస్త సుఖం. పెళ్లి వల్ల పేరు మార్చుకుంటే, మిగతా ఉద్యోగుల్లా దస్తావేజు రాయించి పత్రికల్లో ప్రకటించే పని లేకుండా, కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేస్తే చాలన్న పద్ధతి ఉంది.

పాస్‌పోర్టుకు సమయం చూసుకోవాలి. కొత్త పాస్‌పోర్టులో కొత్త పేరుంటే, పాత పుస్తకంలోని వీసాలన్నీ పాత పేరుతోనే ఉంటాయి. విమానం టికెట్టు మీది పేరు, ప్రయాణానికి చూపే పాస్‌పోర్టు పేరు ఒకటే కావాలి. పెళ్లయిన వెంటనే విదేశీ ప్రయాణం ఉంటే దాన్ని పాత పేరుతోనే పూర్తిచేసి, తిరిగి వచ్చాక మార్పు మొదలుపెట్టండి. విదేశాల్లో ఉంటూ మార్చుకునేవారు పాత పాస్‌పోర్టు, కొత్త పాస్‌పోర్టు, వివాహ ధ్రువపత్రం మూడూ కలిపి కొన్నేళ్లపాటు చేతిసంచిలోనే ఉంచుకోవడం మంచిది.

ఈ హడావుడిలో మరిచిపోయే పని ఒకటుంది, దానికి పేరుతో సంబంధం లేదు. బ్యాంకులో, బీమాలో, భవిష్య నిధిలో నామినీ పేరు. ఇంటిపేరు మార్చడానికి పది రోజులు తిరిగిన దంపతులు నామినీ ఎవరన్నది పదేళ్లయినా చూసుకోరు. ఇంటిపేరు ఏదైనా కాపురం సాగుతుంది. నామినీ రాయకపోతే కష్టం వచ్చిన రోజున ఇంటివారే కార్యాలయాల చుట్టూ తిరగాలి.

గెజెట్ ఎప్పుడు, ఎందుకు

పేరు మార్పు అనగానే గెజెట్ గుర్తుకొస్తుంది. నిజానికి పెళ్లి తర్వాత ఇంటిపేరు మాత్రమే మారుతుంటే చాలాచోట్ల వివాహ ధ్రువపత్రమే సరిపోతుంది, గెజెట్ అవసరం రాదు. ఇంటిపేరుతో పాటు అసలు పేరు కూడా మారుతున్నప్పుడు, వివాహ ధ్రువపత్రం వంతెనగా పనికిరానప్పుడు, రెండు అవకాశాలూ అయిపోయాక ఆధార్‌లో మళ్లీ మార్పు కోరినప్పుడు గెజెట్ కావలసి వస్తుంది.

పద్ధతి ఇది. నోటరీ ముందు అఫిడవిట్, పత్రికల్లో ప్రకటన, నిర్ణీత నమూనాలో సాక్షుల సంతకాలతో దరఖాస్తు. కేంద్ర గెజెట్ అయితే ఢిల్లీలోని ప్రచురణల విభాగానికి పంపాలి, అది గెజెట్ నాలుగో భాగంలో వస్తుంది. రాష్ట్ర గెజెట్‌కు ఆయా రాష్ట్రాల ముద్రణ శాఖ ఉంది, తెలంగాణవారికి హైదరాబాదు చంచల్‌గూడలో. గెజెట్‌లో వచ్చిందంటే ప్రభుత్వం మీ పేరును ఆమోదించిందని అనుకోకూడదు. ప్రకటనలోని విషయానికి, దాని చట్టపరమైన పర్యవసానాలకు తాము బాధ్యులం కామని ప్రచురించేవారే అక్కడ స్పష్టంగా రాస్తారు. అది లోకానికి ఇచ్చే నోటీసు మాత్రమే. కాకపోతే మిగతా కార్యాలయాలు దాన్ని గౌరవిస్తాయి, అందుకే దానికి విలువ.

ఏది మారదు, ఏది మార్చకూడదు

చదువు సర్టిఫికెట్ల జోలికి వెళ్లవద్దు. పదో తరగతి మెమోలో ఉన్నది ఆ పరీక్ష రాసిన రోజున మీ పేరు. బోర్డులు అక్షరదోషాలు సరిచేస్తాయి గాని, తర్వాత వచ్చిన పెళ్లితో వాటికి నిమిత్తం లేదు. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు సీబీఎస్‌ఈకి సంబంధించిన కేసులో, పేరు వ్యక్తి గుర్తింపులో భాగమని, రాజ్యాంగం 19, 21 అధికరణల రక్షణ దానికి ఉందని చెప్పింది. తగిన పత్రాలు చూపినవారికి పాత పేరును కూడా పేర్కొంటూ కొత్త పేరు నమోదు చేసే దారి చూపింది. ఆ తీర్పు ఎంతో విలువైనది. కాని పెళ్లి వల్ల ఇంటిపేరు మారినవారికి ఆ శ్రమ అక్కర లేదు. సర్టిఫికెట్ పక్కన వివాహ ధ్రువపత్రం పెడితే ఉద్యోగమిచ్చేవారికి సరిపోతుంది.

కుల ధ్రువీకరణ గురించి భయపడేవారున్నారు. కులం పుట్టుకతో వచ్చేదని, పెళ్లితో మారదని సుప్రీంకోర్టు 2018లో కూడా చెప్పింది. తహసీల్దారు సాధారణంగా పరిశీలించేది తండ్రి వైపు వివరాలే. ఇంటిపేరు మార్చుకున్న అమ్మాయి రిజర్వేషన్ కింద ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే, కుల పత్రంలో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో మరొకటి కనబడి పరిశీలన రోజున ప్రశ్నలు రావచ్చు. పోటీ పరీక్షలకు చదువుతున్నవారు ఉద్యోగం చేతికి వచ్చేదాకా ఏ కాగితంలోనూ పేరు కదిలించకపోవడం మేలని చెబుతాను.

ఆస్తి సంగతీ అంతే. “ఇంటిపేరు మారింది, ఇంక పుట్టింటి ఆస్తి ఏముంది” అనే మాట ఊళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది. అది తప్పు. పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణతో పెళ్లయిన, పెళ్లికాని తేడా పోయింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో స్పష్టం చేసింది. ఇంటిపేరు మారినందువల్ల పోయే హక్కు ఒక్కటీ లేదు. అయితే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో కూతురి పేరు ఎలా రాస్తున్నారో మాత్రం దగ్గరుండి చూసుకోవాలి.

వెనక్కి రావలసి వస్తే

ఇష్టంగా మార్చుకున్న పేరును కష్టంలో వదులుకోవలసి రావచ్చు. విడాకుల తర్వాత పుట్టింటి పేరుకు రావడానికి కోర్టు డిక్రీ అడుగుతారు. భర్త మరణించినవారు ఆ పేరునే ఉంచుకోవచ్చు, మార్చుకోవాలనుకుంటే మరణ ధ్రువపత్రం కావాలి. అన్నింటికన్నా బాధ కలిగించేది మధ్యలో ఉన్నవారి స్థితి. విడిపోయి ఉంటూ, కేసు తేలక, ఆ ఇంటిపేరుతో ఇంక బతకలేనివారు. పుట్టింటి పేరుకు రావాలంటే విడాకుల పత్రమైనా, భర్త నుంచి అభ్యంతరం లేదన్న లేఖ అయినా ఇవ్వాలన్న కేంద్ర ప్రకటనను 2024లో ఒక మహిళ ఢిల్లీ హైకోర్టులో సవాలు చేశారు. కోర్టు కేంద్రానికి నోటీసు ఇచ్చింది. నేనైతే ఆమె వైపే. పేరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర లేనప్పుడు, తన పేరు తాను తిరిగి తీసుకోవడానికి భర్త సంతకం ఎందుకు కావాలి? పైగా ఏ భర్త నుంచి దూరం జరగాలనుకుంటున్నదో ఆ భర్త సంతకమే.

బిడ్డ పుట్టకముందే

పేరు విషయం తేల్చుకోవడానికి నిజమైన గడువు మొదటి కాన్పు. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన జనన మరణాల నమోదు చట్ట సవరణ ప్రకారం, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. అందులో తల్లి పేరు ఒక గడి. కాన్పు అయిన రోజున తల్లి నొప్పులతో, మందుల మగతలో ఉంటుంది. ఆసుపత్రి గుమాస్తా వచ్చి అడిగితే బయట కూర్చున్న అత్తగారో మరిదో చెబుతారు. వారికి ఆమె తమ ఇంటి కోడలు, కాబట్టి తమ ఇంటిపేరుతో చెబుతారు. అందులో వారి తప్పేమీ లేదు. కాని ఆమె ఆధార్‌లో, పాస్‌పోర్టులో పుట్టింటి పేరే ఉంటుంది. ఇంకో నాలుగేళ్లకు బిడ్డ పాస్‌పోర్టు కోసం వెళ్లినప్పుడు, జనన ధ్రువపత్రంలోని తల్లీ ఎదురుగా నిలబడ్డ తల్లీ ఒకరేనా అన్న సందేహం వస్తుంది.

దీనికి మందు చాలా సులువు. కాన్పుకు వెళ్లే సంచిలో ఆధార్ నకలు ఒకటి పెట్టి, దాని మీద “జనన నమోదుకు ఈ పేరే రాయండి” అని రాసి ఉంచండి. ఇంటివారికి నెల ముందే చెప్పి ఉంచండి.

మా పిన్నికి ఈ మాటలన్నీ చెప్పేవారు లేరు. 1980ల చివర్లో పెళ్లయింది, నమోదు చేయించలేదు. ఓటరు జాబితాలో అత్తింటి పేరు చేరింది, తర్వాత ఆధార్ కూడా ఆ పేరుతోనే వచ్చింది. పెళ్లికి ముందు తాతయ్య ఆమె పేరు మీద కొన్న చిన్న ఇంటి స్థలం దస్తావేజు మాత్రం పుట్టింటి పేరుతో ఉంది. మొన్న అమ్మబోతే, ఇద్దరూ ఒకరే అని నిరూపించమన్నారు. పదో తరగతి సర్టిఫికెట్, పాత రేషన్ కార్డు, పెట్టె అడుగున దొరికిన లగ్నపత్రిక, ఫలానా పేరుతోనూ ఫలానా పేరుతోనూ పిలవబడే వ్యక్తి తానొక్కతేనని నోటరీ ముందు చేసిన అఫిడవిట్, పెళ్లి చూసిన ఇద్దరు పెద్దల వాంగ్మూలం. అయిదు నెలలు పట్టింది. చివరికి రిజిస్ట్రేషను జరిగిన రోజున దస్తావేజులో ఆమె పేరు రెండు ఇంటిపేర్లతోనూ రాశారు, ఒకటి చెప్పి, మధ్యలో “అలియాస్” అని పెట్టి, రెండోది. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, పుట్టింటి పేరు అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో నన్ను ఇంకోసారి చూడమంది.